కాన్ ట్రిప్‌లో గాలి లేని ఆ రెండు రోజుల గురించి

సెప్టెంబరు ఆఖరి వారంలో పాత తెరచాప పడవల పందెం చూడటానికి మాతో ఫ్రాన్సులోని కాన్ వచ్చిన ఇరవై ఆరు మందికీ, వచ్చే ఏడాదికి అప్పుడే అడ్వాన్సు కట్టినవాళ్లకీ ఇది రాస్తున్నాను. ఇంటికెళ్లాక మీలో కొందరు ఫోన్ చేసి, "పాత తెరచాప పడవల పందెం అన్నారు, అవి కదిలితే కదా చూడటానికి" అన్నారు. నిజమే. మొదటి రోజు మధ్యాహ్నం దాకా వాయిదా వేసి ఒక్క పందెం నడిపారు. రెండో రోజు మొదలుపెట్టి, గడువులోగా ఎవరూ ముగింపు గీత దాటేలా లేరని మధ్యలోనే ఆపేశారు.

గాలి నా చేతిలో లేదు. కానీ నా ప్రకటన నా చేతిలోనే ఉంది. దాని మీద ట్యూయిగా అనే పాత పందెం పడవ ఫొటో వేశాను. ఒక పక్కకు ఒరిగిపోయి, నురగ చిమ్ముకుంటూ దూసుకెళ్తున్న ఫొటో. అది గట్టి గాలి రోజున తీసింది. ఆ కాలంలో కాన్ దగ్గర చాలా రోజులు పొద్దున ఆకు కదలదు. ఎండకు నేల వేడెక్కాక, మధ్యాహ్నానికి సముద్రం మీంచి పల్చగా గాలి తిరుగుతుంది. ఒక్కోరోజు అదీ ఉండదు. ఇది నాకు ముందే తెలుసు. చెబితే బుకింగులు తగ్గుతాయన్న భయంతో చెప్పలేదు. తప్పు నాదే, క్షమించండి.

రెండో రోజు పందెం చూడటానికి ఎక్కిన బోటుకు మీరు కట్టిన తలా 70 యూరోలు ఈ నెలాఖరులోగా మీ ఖాతాల్లో వేస్తాను. అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ.

డబ్బుతో తీరని బాధ ఇంకొకటి ఉంది. ఆ రోజు మన కళ్లెదుట నిజంగా మంచి పందెం జరిగింది. అది ఎలా చూడాలో నేను మీకు చెప్పలేదు. కాకినాడ నుంచి వచ్చిన అమ్మమ్మగారు ఒక్కరే పట్టుకున్నారు. "ఏం బాబూ, అందరూ గాలి వచ్చే పక్క కాకుండా అవతలి పక్కకెళ్లి పడుకున్నారేం?" అని అడిగారు. ఆవిడ నాన్నగారు తెరచాప నావలో వేటకెళ్లేవారట. నేను పులిహోర పంచే హడావుడిలో సగం జవాబే ఇచ్చాను. మిగతాది ఇప్పుడు చెబుతాను.

గాలి బలంగా ఉంటే పడవ ఎక్కువ ఒరగకుండా మనుషులు గాలి వచ్చే పక్క కూర్చుంటారు. గాలి లేనప్పుడు తెరచాప ఒట్టి బట్టలా వేలాడుతుంది. అప్పుడు కావాలనే పడవను అవతలికి వంచుతారు. తెర తన బరువుకే ఆ పక్కకు జారి, బొద్దుగా ఆకారం నిలుపుకుంటుంది. ఆ తర్వాత ఎంత చిన్న గాలి వచ్చినా వృథా పోదు. అందుకే ఇరవై మంది దాకా అలా ఊపిరి బిగబట్టినట్టు పడుకుంటారు. ఒకరు దబదబా నడిచినా పడవ ఊగుతుంది, తెర దులిపినట్టవుతుంది, కూడగట్టిన వేగం పోతుంది. మన బోటు ఇంజను ఆపించిందీ అందుకే. మన అల తగిలితే వాళ్ల తెరలో ఉన్న కాస్త గాలీ రాలిపోతుంది. ఎండలో మీరు పడ్డ ఇబ్బందికి కారణం అదేనని అప్పుడే చెప్పి ఉండాల్సింది.

ఇంకొకటి. పెద్ద తెర పైన, స్తంభం చివర చిన్న ముక్కోణపు తెర ఒకటి చూశారు కదా. నీటిని రాసుకుంటూ వచ్చే గాలి మందగిస్తుంది, పైన కాస్త చురుగ్గా ఉంటుంది. కిందంతా చచ్చిపోయినా ఆ చిన్న తెరే పడవను లాక్కెళ్తుంది. వందేళ్ల కిందటి పడవ పదుల టన్నుల బరువు. ఒకసారి కదిలితే గాలి ఆగినా ఆ ఊపుతో జారుతూ ఉంటుంది. కానీ దిశ మార్చి ఆ ఊపు పోగొట్టుకుంటే మళ్లీ తెచ్చుకోవడానికి చాలాసేపు పడుతుంది. కాబట్టి చుక్కాని పట్టుకున్న మనిషి దూరంగా నీళ్లు ఎక్కడ ముదురు రంగులోకి తిరుగుతున్నాయో చూస్తుంటాడు. గాలి అక్కడ దిగింది అన్నమాట. మనం "ఏమీ జరగట్లేదు" అనుకున్న ఆ రెండు గంటలూ వాళ్లకు అదే టెన్షన్.

ట్యూయిగాను 1909లో స్కాట్లండ్‌లోని ఫెయిర్లీలో విలియం ఫైఫ్ కట్టాడు. అది '15 మీటర్' అనే పందెం తరగతికి చెందిన పడవ. ఆ తరగతి పడవలు ఇప్పుడు నాలుగే మిగిలాయి. అలాంటి పడవల్ని దగ్గర నుంచి చూపించి కూడా వాటి సంగతి చెప్పకపోవడం నన్ను ఇంకా కుదురుగా ఉండనివ్వట్లేదు.

వచ్చే ఏడాది ఈ మార్పులు చేస్తున్నాను. పొద్దున్నే బోటెక్కించను. కాన్‌లోని సుకే కొండ కింద పాత రేవులో, పందెం పడవలు కట్టేసి ఉన్నప్పుడే గట్టు మీద నడిపిస్తాను. తెరలు ఎక్కించడం, మోకులు సర్దడం అక్కడ చేతికందే దూరంలో కనిపిస్తాయి. గాలి మొదలయ్యాకే సముద్రం మీదికి వెళ్దాం. మొదలవకపోతే బోటు డబ్బు తీసుకోను, కాన్ ఎదురుగా ఉన్న లెరాన్స్ దీవుల్లో ఒకటైన సెంట్ మార్గరీత్‌కు ఫెర్రీలో తీసుకెళ్తాను. బోటు మీద నీడకు గుడ్డ పందిరి ఉంటుంది. ప్రకటనలో గాలి లేని రోజు ఫొటో కూడా వేస్తాను.

ఇది చదివాక అడ్వాన్సు వెనక్కి కావాలనుకునేవాళ్లు జనవరి 15లోగా చెప్పండి, పూర్తిగా ఇస్తాను. కాకినాడ అమ్మమ్మగారు మళ్లీ వస్తానన్నారు. ఆవిడకు బోటు నడిపే స్కిప్పర్ పక్క సీటు రాసి పెట్టాను.