బాతు పిల్లలు బుక్ చేసుకున్నవాళ్లందరికీ, ఈ బ్యాచ్ గురించి

అన్నలకు, అక్కలకు నమస్కారం.

పోయిన శుక్రవారం పిల్లలు ఇస్తానని చెప్పి ఇవ్వలేకపోయాను. ఫోన్ చేసినవాళ్లందరికీ "ఇంకో రెండు రోజులు" అంటూ వచ్చాను. అప్పటికి నాకే కారణం తెలియదు. శ్రీకాళహస్తి నుంచి ఒకాయన ఆటో మాట్లాడుకుని వచ్చి ఖాళీ గంపతో వెనక్కి వెళ్లారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఖాకీ క్యాంప్‌బెల్ జాతి బాతు గుడ్లు 240 పొదిగే మెషిన్‌లో పెట్టాను. ఏడో రోజు లైటు పట్టి చూసి, లోపల ఏమీ లేని 31 తీసేశాం. 25వ రోజుకు ఇంకో 14 చెడిపోయాయి. మిగిలిన 195లో పిల్ల కదలడం కనబడుతోంది. గుడ్లు తిప్పడం ఆపి, తేమ పెంచి, మెషిన్ తలుపు వేసేశాం. ఈ జాతికి పిల్ల రావడానికి 28 రోజులు. 28 దాటింది. 29వ రోజు ఉదయం కూడా ఒక్క పెంకు మీద చిన్న గీత లేదు. చెవి పెట్టి వింటే ఏవో ఒకటి రెండు గుడ్లలో మాత్రం సన్నగా కిచకిచ వినిపించింది.

మెషిన్ తెర మీద 37.5 డిగ్రీలు చూపిస్తూనే ఉంది. కిందటి నెల సెన్సర్ పాడైతే, మెషిన్ అమ్మినతనే మనిషిని పంపి కొత్తది వేయించాడు. ఫోన్ చేస్తే, "తెర మీద కరెక్టుగానే ఉంది కదన్నా, గుడ్లే మంచివి కావేమో చూసుకో" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ తగ్గలేదు. గుడ్లు మా సొంత మందవి. అయిదారు ఆడ బాతులకు ఒక మగ బాతు లెక్కన నేనే చూసుకుంటాను. అయిదు రోజులు దాటి నిలవ ఉన్న గుడ్డు మెషిన్‌లో పెట్టను. పదకొండేళ్లుగా నా గుడ్ల గురించి అంత మాట ఎవరూ అనలేదు.

జ్వరం చూసే థర్మామీటరుతో సరిచూడమని మా ఇంటామె చెప్పింది. గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి, అదీ, మా దగ్గరున్న పొడవాటి గాజు థర్మామీటరూ రెండూ ముంచాం. రెండూ ఒకటే చూపించాయి. అంటే గాజుది నమ్మొచ్చు. దాన్ని గుడ్ల ట్రే పక్కన వేలాడదీసి, తలుపు మూసి, అరగంట ఆగి అద్దంలోంచి చూశాను. 36.4. తెర మీద మాత్రం అదే 37.5. ఆ వచ్చిన మనిషి సెన్సర్‌ను ట్రే దగ్గర కాకుండా హీటర్ పక్కన బిగించి వెళ్లాడు. అది హీటర్ వేడిని చూసి సరిపోయిందనుకుంది, గుడ్లకు మాత్రం డిగ్రీ పైనే తగ్గింది. వేడి తగ్గితే పిల్ల ఎదుగుదల నెమ్మదిస్తుంది, ఆలస్యంగా వస్తుంది, వచ్చేవి కూడా నీరసంగా ఉంటాయి. సెన్సర్ వేసిన రోజే నేను సరిచూసుకోవాల్సింది. ఆ తప్పు నాది.

సెన్సర్‌ను ట్రే దగ్గరికి మార్చి, తేమ 70 శాతం దాటించాం. ఇక ఏం చేయాలన్నది పెద్ద టెన్షన్ అయింది. చూడవచ్చిన ప్రతివాళ్లూ పెంకు పగలగొట్టి తీసేయమన్నారు. ఆ రాత్రి ఆగలేక, కిచకిచమంటున్న ఒక గుడ్డుకు లావువైపు చిన్న బెజ్జం చేశాను. లోపలి తెల్లటి పొర మీద ఎర్రటి నరాలు దారాల్లా ఉన్నాయి. గోరు తగలగానే రక్తం చిమ్మింది. పిల్ల బయటికి రాకముందే కడుపులోకి పోవాల్సిన పచ్చసొన ఇంకా పోలేదు. పది నిమిషాల్లో ఆ పిల్ల పోయింది. మిగిలిన 194 గుడ్లలో ఒక్కదాన్నీ ముట్టుకోనని అక్కడే అనుకున్నాను.

అదే రాత్రి ఒక వ్యాపారి ఫోన్ చేశాడు. 160 పిల్లలు తెల్లారేసరికి దింపుతానన్నాడు. "బాతు పిల్ల బాతు పిల్లే కదన్నా, ఎవరు కనుక్కుంటారు?" అన్నాడు. మీ ఆర్డర్లన్నీ ఒక్కపూటలో తీరిపోయేవి. ఒప్పుకుందామా అని తెల్లవారుజాము మూడింటి దాకా ఆలోచించాను, అబద్ధం చెప్పను. అవి ఏ మందవో, ఏం జబ్బు ఉందో తెలియదు. మీరు నా పిల్లలని నమ్మి మీ మందలో కలుపుకుంటారు. వద్దన్నాను. నష్టం వస్తే రానీ, వేరేవాళ్ల పిల్లల్ని నావని చెప్పి అమ్మను.

30వ రోజు తెల్లారేసరికి మొదటి పెంకు చిట్లింది. ముక్కు పొడిచాక కూడా బాతు పిల్ల బయటికి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కాబట్టి తలుపు తీయకుండా కూర్చున్నాం. 32వ రోజు సాయంత్రానికి 118 వచ్చాయి. 76 పెంకులోనే పోయాయి. తర్వాత విప్పి చూస్తే చాలావాటికి పచ్చసొన బయటే ఉంది.

వచ్చినవాటిలో ఏడింటికి బొడ్డు ఆరలేదు, అవి మా దగ్గరే ఉంటాయి. మీకు ఇవ్వగలిగినవి 111. ముందు బుక్ చేసినవాళ్లకు ముందు. మిగతా 49 పిల్లల అడ్వాన్సు రేపే తిరిగి పంపుతాను, వచ్చే బ్యాచ్‌కు ఉంచమన్నవాళ్లకు ఉంచుతాను. ఈ 111 కాస్త నీరసంగా పుట్టాయి కాబట్టి ఒక వారం నా ఖర్చుతో వెచ్చగా పెంచి, ఆ తర్వాతే ఇస్తాను.

మా దగ్గర గుడ్లు కొని ఇంట్లో చిన్న మెషిన్‌లో పెట్టుకున్నవాళ్లు కూడా ఒకసారి వేరే థర్మామీటరుతో సరిచూసుకోండి. పుత్తూరు అక్క ఒకరు 30 రోజులైనా రాలేదని కంగారుపడ్డారు. ఆవిడ పెట్టింది మస్కోవీ అనే వేరే జాతి బాతు గుడ్లు, వాటికి 35 రోజులు.

వచ్చే బ్యాచ్ ఆదివారం పెడుతున్నాను. గాజు థర్మామీటరు ట్రే పక్కనే ఉంటుంది, చంద్రగిరి వైపు వచ్చినప్పుడు మీరే అద్దంలోంచి చూడొచ్చు. పిల్లల కోసం వచ్చేటప్పుడు గంప అడుగున ఎండుగడ్డి పరుచుకుని రండి. ప్లాస్టిక్ కవరు వేస్తే కాళ్లు జారి పక్కలకు చీలిపోతాయి.