డోమ్ అడిగేటప్పుడు దాని గుండా ఏ వెలుతురు పోవాలో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

కెమెరాల గురించి మీ పత్రికలో ఏది వచ్చినా వదలకుండా చదువుతాను. మెగాపిక్సెల్స్ మాట ఉంటుంది, జూమ్ మాట ఉంటుంది. లెన్స్ మీద బోర్లించే డోమ్ ఊసు మాత్రం ఎక్కడా రాదు. ఆరుబయట కెమెరాలు బిగించే పని నాది. కెమెరా పాడైందని పిలుస్తారు, వెళ్లి చూస్తే చాలాసార్లు తప్పు డోమ్‌ది.

ఒకచోట థర్మల్ కెమెరాకు, అంటే వేడిని బట్టి బొమ్మ చూపే కెమెరాకు, మందపాటి గాజు డోమ్ పెట్టమని ఆర్డర్‌లో రాసిచ్చారు. అలాగే బిగించాం. ఎదురుగా నిలబడి చేతులు ఊపినా తెర మీద నేను లేను, అంతా బూడిదరంగే. అరచెయ్యి గాజుకు ఆనించి కాసేపు ఉంచితే వెచ్చని మచ్చ ఒకటి తేలింది. చెయ్యి తీసేశాక కూడా అది వెంటనే పోలేదు. అంటే కెమెరా నన్ను కాదు, గాజు వేడిని చూస్తోంది! ఆ కెమెరాకు కావాల్సినవి 8 నుంచి 14 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఉన్న వేడి కిరణాలు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మామూలు గాజు అంత పొడవు కిరణాలను పోనివ్వదు, 8 మైక్రాన్లకు చాలా ముందే ఆగిపోతుంది.

అయితే నీలమణి డోమ్ తెప్పిద్దామన్నారు. గట్టిదనంలో దానికి మోస్ స్కేలుపై 9, ఇసుకకు 7. గీత పడదు, నిజమే. కానీ అదీ దాదాపు 5 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది. అక్కడ పనికొచ్చేవి జెర్మేనియం, జింక్ సల్ఫైడ్ లాంటివి. జెర్మేనియం మన కంటికి ఉత్త లోహపు ముక్క, థర్మల్ కెమెరాకు మాత్రం కిటికీ. పైన కోటింగ్ లేకపోతే లోపలా బయటా ఒక్కో ముఖం దగ్గర 36 శాతం కిరణాలను వెనక్కి కొట్టేస్తుంది. 100 డిగ్రీలు దాటి వేడెక్కితే అదీ మసకబారుతుంది. జింక్ సల్ఫైడ్ మెత్తన, తుడిచేటప్పుడు భయంగానే ఉంటుంది.

మామూలు కెమెరాకు పాలికార్బొనేటా, యాక్రిలిక్కా అని అడుగుతుంటారు. రెండూ ప్లాస్టిక్‌లే. దెబ్బలు తగిలే చోట పాలికార్బొనేట్ పెట్టాలి. పైపూత సరిగా లేకపోతే ఎండకు పచ్చబడుతుంది, గీతలు కూడా త్వరగా పడతాయి. యాక్రిలిక్ ఎండకు బాగా ఆగుతుంది, గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. ఏది పెట్టినా దయచేసి పొడి గుడ్డతో తుడవకండి. దుమ్ములో ఇసుక ఉంటుంది, అది ఉప్పుకాగితం పట్టినట్టే. పగలు ఆ గీతలు కనపడవు. రాత్రి కెమెరా లైట్లు వెలిగాక వాటి మీద వెలుగు చెదిరి, బొమ్మంతా పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది. మొదట నీళ్లు పోసి దుమ్ము కడిగేయాలి, తర్వాతే తడి మెత్తటి గుడ్డ.

ఆర్డర్ కాగితాల్లో ‘పారదర్శకమైన గట్టి డోమ్’ అని రాసి వదిలేస్తున్నారు. ఎన్ని మైక్రాన్ల నుంచి ఎన్ని మైక్రాన్ల దాకా కిరణాలు డోమ్ గుండా పోవాలో మొదటి వరుసలోనే రాయమని వాళ్లందరికీ నా మనవి. మీ సైన్స్ పేజీలో దీని మీద ఒక వివరమైన వ్యాసం వేస్తే, మా పనివాళ్లందరికీ కత్తిరించి ఇస్తాను.

ఇట్లు,
ఒక కెమెరా టెక్నీషియన్