బ్లాక్ ఐలాండ్ కావాలంటున్న కస్టమర్లకు మా షాపు నుంచి కొన్ని మాటలు

నమస్కారం అండీ. ఈ మధ్య మా షాపుకు వచ్చేవాళ్లు చాలామంది ఫోన్ తీసి ఒకే రకం ఫొటో చూపిస్తున్నారు. తెల్లటి వంటిల్లు, మధ్యలో నల్లటి ఐలాండ్ (గోడకు ఆనకుండా విడిగా కట్టే ప్లాట్‌ఫాం), పైనుంచి వేలాడే లైట్లు. "అచ్చం ఇలాగే కావాలి" అంటున్నారు. తప్పకుండా చేస్తాం. కాకపోతే అడ్వాన్స్ తీసుకున్నాక నసగడం కన్నా ముందే చెప్పేస్తే ఇద్దరికీ మంచిదని ఇది రాస్తున్నాను. ఇందులో కొన్ని మాటలు మా గల్లాపెట్టెకు నష్టమే, అయినా సరే.

ముందు స్థలం సంగతి. గోడ వెంబడి ప్లాట్‌ఫాం 2 అడుగులు. మనిషి తిరగడానికి, కింది డ్రాయర్ పూర్తిగా లాగడానికి మూడున్నర. ఐలాండ్ 3 అడుగులు. అప్పటికే ఎనిమిదిన్నర అయిపోయింది, అవతలి వైపు దారి ఇంకా లెక్కలోకే రాలేదు. ఓపెన్ కిచెన్ అయి అవతల డైనింగ్ ఉంటే ఇబ్బంది లేదు. నాలుగు గోడల మధ్య ఉన్న 8 బై 10 వంటింట్లో ఐలాండ్ పెట్టమంటే మాత్రం ఇకపై ఆర్డర్ తీసుకోం. కుదిరిన చోట ఒక కొస గోడకు ఆనించి పెనిన్సులా చేసిస్తాం. "వేరే షాపువాళ్లు చేస్తామన్నారండీ" అని లేచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఇష్టం.

రెండోది రాయి. ఎక్కువమంది అడిగేది బ్లాక్ గెలాక్సీ. మన ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయి. అందులో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. ఒక్కో స్లాబులో, అంటే కోసిన రాతి పలకలో, చుక్క ఒక్కోలా ఉంటుంది, ఒకచోట ఆవగింజంత, ఇంకోచోట ఇసుకలా. అందుకే అరచేతంత శాంపిల్ ముక్క చూసి ఓకే అనకండి. మాతో పాటు రాళ్ల యార్డుకు రండి, నిలబెట్టిన స్లాబు మీదే మీ పేరు రాయిస్తాం.

మా కొటేషన్ చూసి చాలామంది ఉలిక్కిపడేది కూడా ఈ రాయి దగ్గరే. మామూలు ప్లాట్‌ఫాం 2 అడుగుల వెడల్పే కాబట్టి వెడల్పు తక్కువుండే కట్టర్ స్లాబు సరిపోతుంది. ఐలాండ్ దగ్గర స్టూల్ వేసుకుని కూర్చోవాలంటే మోకాళ్ల కోసం పైరాయి ఇంకో అడుగు బయటికి రావాలి. అంటే 4 అడుగుల వెడల్పు. దానికి గ్యాంగ్‌సా అనే పెద్ద రంపపు మెషీన్ మీద కోసిన పెద్ద స్లాబే కావాలి, చదరపు అడుగు రేటు ఎక్కువ, వేస్టేజీ ఎక్కువ. కట్టర్ స్లాబులు రెండు కలిపి అతికిస్తే చవకే. కానీ నల్లరాయి మీద లైటు పడిందంటే ఆ జాయింటు గీత గీసినట్టు కనబడుతుంది.

రేటు మరీ తక్కువకు వస్తోందంటే ఒక పరీక్ష చేయండి. తెల్లగుడ్డ మీద నెయిల్ పాలిష్ రిమూవర్ వేసి రాయిని గట్టిగా రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే అది రంగు పట్టించిన రాయి. కొందరు కడప బండ వేయమంటున్నారు. అలమర అరలకు దాన్ని మించింది లేదు, అమ్మమ్మల కాలం నుంచీ చూస్తున్నదే. కానీ అది సున్నపురాయి. నిమ్మరసం, చింతపండు పులుసు పడి కాసేపు ఉంటే తెల్లగా మచ్చ కడుతుంది. కూరలు తరిగే ఐలాండ్ మీద వద్దు.

అద్దంలా మెరిసే పాలిషా, తోలులా కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిషా అన్నది మాటలతో తేలదని మా షోరూంలో ఐలాండ్ పైరాయిని సగం అలా, సగం ఇలా చేయించి పెట్టాం. దాని మీద బోరు నీళ్లు చల్లి ఫ్యాన్ వేస్తాం. ఆరేసరికి పాలిష్ వైపు గుండ్రటి ఉప్పు మరకలు తెల్లగా తేలతాయి. లెదర్ వైపు వెతికితే గానీ కనబడవు. తర్వాత చిటికెడు గోధుమపిండి చల్లి తుడవమంటాం. ఈసారి లెదర్ ఓడిపోతుంది, సన్నటి గుంటల్లో పిండి ఇరుక్కుంటుంది, తడిగుడ్డతో రెండోసారి తుడవాలి. మీ ఇంట్లో రోజూ చపాతీయా, మీ నీళ్లు బోరువా మున్సిపాలిటీవా, దాన్ని బట్టి తేల్చుకోండి. నన్నడిగితే లెదరే. లైట్లు కూడా అద్దంలోలా కళ్లలోకి కొట్టవు. లెదర్ ఫినిష్ ఖర్చు ఇకపై బిల్లులో విడిగా చూపిస్తాం.

గ్లాసీ బ్లాక్ యాక్రిలిక్ షట్టర్లు (అరల తలుపులు) ఐలాండ్‌కు వేయడం మానేస్తున్నాం. వేలిముద్రలు తుడవలేక సర్వీసుకు ఫోన్ చేస్తున్నారు, దానికి సర్వీసు ఏం ఉంటుంది చెప్పండి! మ్యాట్ లామినేట్ అయితే చేస్తాం. ఇంకా బాగుండేది, పైన రాయి నలుపు, కింద టేకు వెనీర్ (పల్చటి టేకు పొర), గోడ షట్టర్లు మీగడ రంగు, ఇత్తడి హ్యాండిళ్లు. నలుపు వెలుతురును మింగేస్తుంది కాబట్టి కిటికీ చిన్నదైతే నలుపు పైరాయితో ఆపేయండి. వేలాడే లైట్లు రాయికి 30 అంగుళాల పైన, 3000 కెల్విన్ పసుపు వెలుతురువి పెట్టించుకోండి.

హాబ్ (రాయిలో దిగేసే స్టవ్) కంత మీ ఇంట్లో కోయం, యార్డులోనే నీళ్లు పోస్తూ కోసి తెస్తాం. పొడిగా కోస్తే లేచే దుమ్ము పనివాళ్ల ఊపిరితిత్తులు తినేస్తుంది. సిలికా ఎక్కువుండే క్వార్ట్జ్ లాంటి తయారీ రాళ్లను ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి నిషేధించింది కూడా ఇందుకే. కాబట్టి హాబ్ మోడల్ ముందే ఖరారు చేసి చెప్పండి, తర్వాత మారిస్తే రాయి మార్చాల్సిందే.

ఇంకొక్కటి. స్లాబు ఎంచుకునే రోజు ఇంట్లో పెద్దవాళ్లను కూడా తీసుకురండి. రాయి కోశాక "వంటింట్లో నలుపేంట్రా" అని అత్తగారు అంటే మధ్యలో నలిగేది మేమే. వాస్తు పట్టింపు ఉంటే స్టవ్ గోడవైపు ఉంచి, ఐలాండ్‌ను తరగడానికి, తినడానికి వాడుకునేలా గీసిస్తాం.

పుష్యంలో గృహప్రవేశాలు ఉండవు కాబట్టి మాఘం ముహూర్తాలకు అందరూ ఒకేసారి మీద పడతారు. భోగి నుంచి కనుమ మర్నాడు దాకా వర్క్‌షాప్ మూసే ఉంటుంది. మాఘంలో పాలు పొంగించాలనుకునేవాళ్లు కార్తీకం దాటకుండా కొలతలకు పిలవండి.