12 గంటల ప్యాడ్ గంటన్నర కూడా ఆగలేదు: ఒక ఫిర్యాదు లేఖ

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ నైట్ ప్యాడ్ల ప్యాకెట్ మీదున్న '12 గంటలు' అనే మాట గురించి, మీ కస్టమర్ కేర్ ఇచ్చిన సలహాల గురించి ఫిర్యాదు

నమస్తే.

మీ ప్యాడ్లు నాలుగేళ్లుగా వాడుతున్నాను. పాడైపోయిన ప్యాకెట్ వచ్చిందని రాస్తున్న ఉత్తరం కాదిది. జిగురు బాగానే అంటుకుంటుంది, రెక్కలూ బాగానే ఉన్నాయి. నాకు పేచీ ప్యాకెట్ మీద పెద్దక్షరాలతో వేసిన '12 గంటలు' అనే మాటతోనూ, దాన్ని పట్టుకుని మీవాళ్లు నాకు మూడుసార్లు ఇచ్చిన జవాబుతోనూ.

రెండేళ్ల కిందట నా నెలసరి మారిపోయింది. ఐదు రోజుల్లో అయిపోయేది కాస్తా తొమ్మిది రోజులు సాగడం మొదలైంది. మొదటి మూడు రోజులైతే మీ నైట్ ప్యాడ్ గంటన్నర కూడా ఆగేది కాదు. రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకుని, పక్క మీద పాత టవల్ పరుచుకుని, అర్ధరాత్రికొకటి, మూడింటికొకటి అలారం పెట్టుకుని పడుకునేదాన్ని. అలారం కంటే ముందే తడికి మెలకువ వచ్చేసేది. ఆఫీసులో మీటింగ్ అయ్యాక ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ కూర్చుని, అందరూ వెళ్లాక లేచి ముందు కుర్చీ చూసుకునేదాన్ని. ఈ సంగతులన్నీ కంపెనీకి రాయడం ఇబ్బందిగానే ఉంది. కానీ మీ ప్రకటనలో అదే రోజుల్లో తెల్ల ప్యాంటు వేసుకుని గెంతే అమ్మాయిని చూసి చూసి, లోపం నాదేననుకున్నాను. ప్యాడ్ సరిగ్గా పెట్టుకోవడం రావడం లేదేమో అనుకున్నాను. 38 ఏళ్లు వచ్చాక ఇదొక అనుమానం!

అందుకే మీ కస్టమర్ కేర్‌ను అడిగాను. మొదటిసారి, ఇంకా పొడుగు సైజు వాడమన్నారు. వాడాను. ఆరు నెలల తర్వాత గడ్డలు గడ్డలుగా పడుతోందని, గంటన్నరకోసారి మారుస్తున్నానని విడమరిచి రాశాను. 'కొందరికి ఫ్లో ఎక్కువగా ఉండటం సహజం, టెన్షన్ పడకండి' అని, ప్యాంటీలా తొడుక్కునే రకం వాడమని జవాబొచ్చింది. మూడోసారి క్షమాపణతో పాటు డిస్కౌంట్ కూపన్ పంపారు. మూడు జవాబుల్లో ఎక్కడా 'ఒకసారి డాక్టర్‌కు చూపించుకోండి' అన్న ముక్క లేదు.

తప్పంతా మీదే అనను. నేనూ వెళ్లలేదు. మా అమ్మకూ ఇంతే, అక్కకూ ఇంతే, ఆడవాళ్లకు ఇది మామూలేనని ఇంట్లో అన్నారు, నమ్మాను. ఇంట్లో అన్నదే కంపెనీ కూడా అనేసరికి ఇక అడగడానికేమీ లేదనిపించింది. చివరికి ఒక్క అంతస్తు మెట్లెక్కి ఆయాసంతో కూలబడ్డాక గానీ ఆస్పత్రికి పోలేదు. హిమోగ్లోబిన్ 7.4 ఉంది. 12 కంటే తగ్గితేనే రక్తహీనత అంటారు. గైనకాలజిస్టు అడిగిన మొదటి ప్రశ్న, ప్యాడ్ ఎన్ని గంటలకోసారి మారుస్తున్నారని. నేను మీకు రాసిన మాటే ఆమెకూ చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టి, ఎన్నాళ్ల నుంచి అంది.

స్కానింగ్‌లో గర్భసంచి లోపలి గోడ నుంచి ఒక ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని కండ గడ్డ, పెరుగుతోందని తేలింది. పెద్దదేమీ కాదు. కానీ లోపలి వైపుకు పెరిగేది చిన్నదైనా బాగా బ్లీడింగ్ చేయిస్తుందట. థైరాయిడ్ పరీక్ష కూడా చేశారు, అది మామూలుగానే ఉంది. గర్భసంచి తీసేస్తారేమోనని ఆ రాత్రి ఏడ్చాను. అది ఆఖరి మాట, దానికి ముందు చాలా దారులున్నాయని డాక్టర్ మర్నాడు చెప్పింది. బ్లీడింగ్ తగ్గించడానికి, అది అయ్యే రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు, హార్మోన్ మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరం, ఇలా. నాకు ట్రానెక్సామిక్ యాసిడ్, ఐరన్ ఇచ్చి, రక్తం కాస్త పెరిగాక కోత లేకుండా కింది నుంచే సన్నని కెమెరా గొట్టంతో ఫైబ్రాయిడ్ తీసేశారు. సాయంత్రానికి ఇంటికొచ్చాను. రెండేళ్లు మోసింది ఒక్క పూటలో తీరింది. ఐరన్ మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను.

మీ ప్యాడ్ వల్ల నాకు జబ్బు రాలేదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఈ లెక్క చూడండి. మామూలుగా ఒక నెలసరి మొత్తంలో పోయే రక్తం 30 నుంచి 40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువని వెనకటి లెక్క. ఇంట్లో ఎవరూ కొలుచుకోలేరు కాబట్టి, రోజువారీ పనులు దెబ్బతింటున్నాయా అనేదే ఇప్పుడు డాక్టర్లు ముందు చూస్తున్నారు. 2023లో అమెరికాలోని ఒరెగాన్‌లో పరిశోధకులు ఈ రకం వస్తువుల్లో అసలు రక్తం పోసి కొలిచారు. ప్యాడ్లు, లోపల పెట్టుకునే టాంపాన్లు, కప్పులు సుమారు 20 నుంచి 50 మిల్లీలీటర్లు పట్టాయి. అప్పటిదాకా ఉప్పునీళ్లతోనో మామూలు నీళ్లతోనో కొలిచేవారట. మీ ప్రకటనలో పోసే ఆ నీలం నీళ్లు నాకు అప్పుడు గుర్తొచ్చాయి. ఇన్ని మిల్లీలీటర్లు పట్టే ప్యాడ్ రోజుల తరబడి గంటన్నరకే నిండిపోతోందని ఒక మనిషి మీకు రాస్తే, సమస్య ప్యాడ్ పొడవులో లేదని మీకే ముందు తట్టాలి. ప్యాడ్లు అమ్మేది మీరు.

నేను డబ్బు వాపసు అడగడం లేదు. '12 గంటలు' అనేది ఏ ద్రవంతో, ఎన్ని మిల్లీలీటర్లతో తేల్చారో రాతపూర్వకంగా చెప్పండి. చెప్పలేకపోతే ఆ మాట తీసేయండి. ప్యాకెట్ వెనక సువాసన గురించి నాలుగు లైన్లున్న చోట ఈ రెండు లైన్లు వేయండి: 'గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోతున్నా, రెండున్నర సెంటీమీటర్లు దాటిన గడ్డలు పడుతున్నా, ఏడు రోజులకు మించి బ్లీడింగ్ అవుతున్నా డాక్టర్‌ను కలవండి.' మీ కస్టమర్ కేర్ వాళ్లకూ ఈ మాటలే నేర్పండి. పెద్ద సైజు సంగతి ఆ తర్వాత చెప్పుకోవచ్చు.

నేను మీకు రాసిన మూడు మెసేజ్‌లు, మీ జవాబులు తేదీలతో సహా జత చేస్తున్నాను. 30 రోజుల్లో సమాధానం రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కూపన్ కూడా ఇందులోనే తిప్పి పంపుతున్నాను. దాని గడువు ఇంకా తీరలేదు.

ఇట్లు,
మీ వినియోగదారు