వార్షిక నివేదిక 2025–26: ‘వంగు’ అనే మాట మానేసిన ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

హనుమకొండలో మన కాలనీ క్రీడా సంఘం నివేదికను ఏటా జెండా వందనంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈసారి రగ్బీతో మొదలుపెడుతున్నాను. నెలనెలా మీటింగుల్లో అందరూ అడిగింది దాని గురించే: “పిల్లల్ని అట్ల గుద్దుకోనిస్తే ఎట్ల?”

మన దగ్గర రగ్బీకి వచ్చేవాళ్లలో చాలామంది కబడ్డీ పిల్లలే. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆట చూశాక ఇంకొందరు చేరారు. ధైర్యానికి కొదవ లేదు, పట్టు గట్టిది. చిక్కల్లా ఆ పట్టుతోనే. కూతకొచ్చినవాణ్ని గీత దాటకుండా పట్టుకునే ఉండటం కబడ్డీ. రగ్బీలో కింద పడేసిన మరుక్షణం వదిలేయాలి, లేదంటే పెనాల్టీ. కబడ్డీలో కాళ్ల మీదికి దుంకినట్టు ఎదురు పరుగెత్తుకొచ్చేవాడి మీదికి దుంకితే తల పోయి మోకాలికో తుంటికో తగులుతుంది. రగ్బీలో తలకు తగిలే దెబ్బల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ట్యాకిల్‌లోనే, అంటే బంతితో పరుగెత్తేవాణ్ని పట్టి పడేసేటప్పుడే తగులుతాయని, అందులోనూ ఎక్కువ ట్యాకిల్ చేసేవాడికేనని ఈ ఆట అంతర్జాతీయ సంస్థ వరల్డ్ రగ్బీ పరిశోధనలో తేలింది. పడేవాడి కంటే పడేసేవాడికే ముప్పంటే తల్లిదండ్రులు ముందు నమ్మలేదు.

జులైలో అది మన కళ్ల ముందే జరిగింది. తొమ్మిదో తరగతి బాబు ట్యాకిల్‌కి వెళ్తే తల ఎదుటివాడి తుంటికి తగిలింది. లేచి దులుపుకుని “ఏం కాలే సార్” అన్నాడు. మేమూ ఆడనిచ్చాం. కాసేపటికి బంతి అందుకుని తన జట్టు వైపే పరుగెత్తాడు. పిల్లలు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే కంకషన్ అన్నారు, అంటే తల అదిరి మెదడుకు తగిలిన దెబ్బ. డాక్టర్ సరే అనేదాకా ఆటకు దూరంగా ఉంచాం, ఇప్పుడు బాగున్నాడు. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, ఆ రోజుకు ఆట బంద్ చేయాలన్నది నియమం. తెలిసి కూడా పాటించలేదు. ఆ తప్పు సంఘానిదే.

ఆ రోజు ఆటను ఒక పిల్లవాడి అన్న ఫోన్‌లో తీశాడు. దాన్ని నలుగురం కూర్చుని చూశాం. తప్పు తల తగిలిన చోట లేదు, అంతకు రెండు అడుగుల ముందే ఉంది. అక్కడ మన కోచ్ గొంతు స్పష్టంగా వినిపిస్తోంది: “వంగు! వంగు!” బాబు చెప్పిన మాట విన్నాడు. నడుము దగ్గర వంగాడు, చూపు నేల మీదికి పోయింది, తల ముందుకొచ్చింది. వంగాల్సింది మోకాళ్లు. కోచ్ గారు ఆ ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పి చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆగస్టు నుంచి మైదానంలో ‘వంగు’ అనడం నిషేధం. ఇప్పుడు “సగం గుంజీ, చూపు ఎదుటివాడి నిక్కరు మీద” అంటున్నాం. బడికి వెళ్లిన ఏ పిల్లవాడికీ గుంజీ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

వీడియో తీసే పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. స్టాండు మీద ఫోన్ నడుము ఎత్తున, ఒకటి పక్క నుంచి, ఒకటి వెనక నుంచి. పది సెకన్ల ముక్క తీసి, చెమట ఆరకముందే అక్కడే చూపిస్తాం. మొదట మేం మాట్లాడం. “ఏం కనవడ్డది?” అని పిల్లల్నే అడుగుతాం. ఒకడు తన వీడియో తానే చూసి “గంత దూరంకెళ్లి దుంకుతున్ననా సార్?” అన్నాడు. అదే మాట మేం నెల రోజులుగా అరిచి చెబుతున్నాం.

ఇంటర్ చదివే ఒక అమ్మాయి సంగతి వేరు. కుడి భుజంతో ఆమె ట్యాకిల్ చూడముచ్చటగా ఉంటుంది. పాదం దగ్గరగా పడుతుంది, తల ఎదుటివాడి వెనక పక్కకు వెళ్తుంది, చేతులు చుట్టుకుంటాయి. ఎడమ వైపు వచ్చేసరికి తల ప్రతిసారీ ముందు పడుతోంది. ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. వరసగా వీడియోలు చూస్తేనే బయటపడింది. రెండు నెలలు ఎడమ వైపే చేయించాం, మొదట మోకాళ్ల మీద, తర్వాత నడుస్తూ, చివరికి పరుగులో. ఎనుమాముల మార్కెట్ నుంచి తెచ్చిన పత్తి బోరెంలో పాత బొంతలు కుక్కిన సంచే ఆమె ప్రత్యర్థి.

ఒక జాగ్రత్త. స్లో మోషన్‌లో చూస్తే ప్రతి ట్యాకిల్ కావాలని కొట్టినట్టే ఉంటుంది. ఇద్దరు తండ్రులు దీని మీదే వాదనకు దిగారు. అప్పటి నుంచి మామూలు వేగంలో చూపించాకే స్లో మోషన్.

ఎత్తు విషయం: భుజాల గీత దాటి ట్యాకిల్ చేయకూడదన్నది ఆట చట్టం. ఇంగ్లండ్‌లో 2023 నుంచి కమ్యూనిటీ ఆటల్లో దాన్ని రొమ్ము ఎముక అడుగు దాకా దించారు. మన ప్రాక్టీసులో నడుము దాటనివ్వడం లేదు.

అక్టోబర్‌లో ఒక పిల్లవాడు పడ్డ వీడియో ఎవరో పాట కలిపి స్టేటస్‌లో పెట్టారు. వాడు వారం రోజులు మైదానానికి రాలేదు. ఇప్పుడు వీడియోలు సంఘం ఫోన్లలోనే తీస్తాం, తల్లిదండ్రుల సంతకం ఉంటేనే తీస్తాం, ఆదివారం రాత్రి చెరిపేస్తాం. వాట్సాప్ గ్రూపులోకి ఒక్కటీ పోదు.

మిగతావి క్లుప్తంగా: జెండా వందనం, బతుకమ్మ, కంటి పరీక్షల శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. మేడారం జాతర వారం అన్నింటికీ సెలవు. వీడియో పనికి అయిన ఖర్చు స్టాండ్లకు, మెమొరీ కార్డుకు కలిపి 1,450 రూపాయలు. పాత ఫోన్లు రెండూ సభ్యులు ఇచ్చినవే.

సభ్యుల ఆమోదం కోరుతున్నవి రెండు. మైదానం ఉత్తరం మూలన తేలిన మొరం తీయించి మెత్తటి మట్టి పోయించాలి, అక్కడ ట్యాకిల్ చేయించడం మానేశాం. ఏప్రిల్, మే నెలల్లో ప్రాక్టీసు పొద్దున 6 గంటలకు మార్చాలి. ఎండకు పిల్లలైనా తట్టుకుంటున్నారు గానీ, ఫోన్లు వేడెక్కి ఆగిపోతున్నాయి.

— కార్యదర్శి