ముఖానికి రాసుకునేవాటి గురించి శ్రావణికి

చిరంజీవి శ్రావణికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. నాన్నగారి బీపీ అదుపులో ఉంది. శివరాత్రి దాటకుండానే నెల్లూరులో ఎండలు ముదిరాయి. పుణెలో గాలి బాగా పొడిగా ఉందనీ, నీళ్ళు తగిలిన కాసేపటికే ముఖం బిగుసుకుపోతోందనీ వనజ చెప్పింది. వనజ చెప్పిన మాట ఇంకొకటి కూడా ఉంది, అది తరువాత రాస్తాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు చూపించిన ఆ ఖనిజాల పౌడరు డబ్బా వెనుక అభ్రకం పేరు చూసి సైదాపురం మామయ్య ఎంత సంబరపడ్డాడో నీకు గుర్తుండే ఉంటుంది. మన గూడూరు ప్రాంతపు గనుల్లో తవ్విన అభ్రకం లాంటిదే ఆడపిల్లల బుగ్గల మీద మెరుస్తుందంటే తాతయ్య నమ్మేవారు కాదని అన్నాడు. ఆ పౌడరు మీద నాకు అభ్యంతరం లేదు. అందులో మెరుపుకు అభ్రకం, రంగుకు ఐరన్ ఆక్సైడ్లు, జింక్ ఆక్సైడ్ తప్ప పెద్దగా ఏమీ లేవు. నీళ్ళు కలవని పొడి గనుక చెడిపోకుండా మందులు కలపవలసిన పని కూడా తక్కువ. అయితే కొన్ని కంపెనీల పొడుల్లో నునుపు కోసం బిస్మత్ ఆక్సీక్లోరైడ్ వేస్తారు, అది కొందరికి విపరీతమైన దురద పుట్టిస్తుంది. ఈసారి కొనేటప్పుడు ఆ పేరు ఉందేమో చూడు.

వనజ చెప్పిన రెండో మాట ఏమిటంటే, నీ బుగ్గలు ఎర్రబడి ఉన్నాయనీ, పెదవుల పక్కన పొలుసులు లేస్తున్నాయనీ, స్నానాల గదిలో నాలుగైదు రకాల సీసాలు వరుసగా ఉన్నాయనీ, అన్నింటి మీదా ఆకులూ పువ్వుల బొమ్మలే ఉన్నాయనీ. పండగ తరువాత ఫోనులో నువ్వు ఒక్కసారీ ముఖం చూపించలేదు. కెమెరా పాడైందని చెప్పావు, సరే. నేను నిలదీయడం లేదు. పసితనంలో కొత్త గౌను కుట్టిస్తే మెడ దగ్గర దద్దుర్లు లేచే ఒళ్ళు నీది, ఆ ఒళ్ళు ఎలాంటిదో నాకు తెలుసు గనుకనే రాస్తున్నాను.

చెట్టు నుంచి వచ్చినది ఒంటికి ఏ హానీ చేయదని నీ స్నేహితురాలు చెప్పిందట. రాజ్యం పిన్ని పెళ్ళినాటికి నువ్వు పుట్టలేదు గనుక ఆ సంగతి నీకు తెలియదు. పెళ్ళికూతుర్ని చేయడానికి ముందే ముఖం నిగనిగలాడాలని పిన్ని తనకు తానే ప్రత్యేకంగా సున్నిపిండి పట్టించుకుంది. పెసలు, కచ్చూరాలు, వట్టివేళ్ళు, ఎండు గులాబీ రేకులు మామూలు పాళ్ళలోనే వేసి, ఎవరో చెప్పారని బావంచాలు మాత్రం దండిగా వేయించింది. ఆ పిండిని పాలలో కలిపి ముఖానికీ చేతులకూ దట్టంగా పట్టించి, ఆరేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని మేడ మీద వడియాలు పెట్టే వాళ్ళ దగ్గరికి వెళ్ళి మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చుంది. మరునాడు కాస్త మంటగా ఉందన్నది, అంతే. ఆ మరునాటికి బుగ్గలూ ముంజేతులూ కమిలి ఎర్రబడి, పొక్కులు లేచాయి. అమ్మమ్మ దిష్టి తీసింది, పెదనాన్న చందనం అరగదీయించాడు, ఎవరికి తోచింది వారు పూశారు, మంట పెరిగిందే గాని తగ్గలేదు. చివరికి తాతయ్య వెంటబెట్టుకుని నెల్లూరులో ఒక పెద్ద డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళితే, ఆయన సున్నిపిండిలో వేసిన దినుసులన్నీ విడివిడిగా పొట్లాలు కట్టి తెమ్మన్నారు. బల్ల మీద అన్నీ విప్పించి చూసి, ఆ నల్లటి గింజలను వేలితో వేరుచేసి చూపించారు. బావంచాల్లో సొరాలెన్లనే పదార్థాలు ఉంటాయట. అవి తగిలిన చర్మం మీద ఎండ పడితే కాలినట్టే అవుతుందట, బొల్లికి చేసే ఒక వైద్యంలో ఆ గుణాన్నే కొలత ప్రకారం వాడతారట. పెళ్ళి ముహూర్తానికి పొక్కులు మానాయి గాని, నల్లటి మచ్చలు పోవడానికి నెలలు పట్టింది. పెళ్ళి ఫోటోల్లో పిన్ని ఎప్పుడూ తల వంచుకునే ఎందుకు ఉంటుందని అడిగేదానివి కదా, కారణం అదీ.

నిమ్మజాతి పండ్లలోనూ ఆ తరహా పదార్థాలు ఉంటాయి గనుక నిమ్మరసం ముఖానికి పూసుకుని బయటికి వెళ్ళవద్దు. బళ్ళో పిల్లలకు లిట్మస్ కాగితాలతో పాఠం చెప్పినదాన్ని గనుక ఇంకొక మాట కూడా చెబుతాను. పులుపు, క్షారాలను కొలిచే అంకె పీహెచ్, 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. చర్మం పైపొర పీహెచ్ 5కు అటూ ఇటూగా ఉంటుంది. నిమ్మరసం 2 దగ్గర, సబ్బు 9, 10 దగ్గర ఉంటాయి. స్వచ్ఛమైన నూనెలతో చేత్తో చేసిన సబ్బు అయినా కాస్టిక్ సోడా లేకుండా తయారుకాదు, క్షారగుణం దానికీ తప్పదు. నీకు సబ్బు లేని, నురగ తక్కువగా వచ్చే, వాసన వేయని క్లెన్సర్ చాలు, అదీ గోరువెచ్చటి నీళ్ళతో, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుంటూ.

వాసన సంగతి మరీ ముఖ్యం. లావెండర్, టీ ట్రీ వంటి నూనెలు మూత తెరిచి చాలాకాలం ఉంచితే గాలి తగిలి మారిపోయి, ఎలర్జీ పుట్టించే గుణం పెరుగుతుంది. అటువంటి పాత సీసా నీ దగ్గర ఉందని వనజ అన్నది, ముందు అది వాడడం మానెయ్యి. కలబంద కోసినప్పుడు తొక్క కింద కారే పసుపుపచ్చటి రసం కూడా మంట పుట్టిస్తుంది, దాన్ని పూర్తిగా కారనిచ్చి కడిగిన తరువాతే లోపలి గుజ్జు తీయాలి. అసలు ఇప్పుడు అదీ వద్దు.

ఎర్రదనం తగ్గేవరకు అన్నీ ఆపెయ్యి, కాటుకతో సహా. తగ్గిన తరువాత ఒక్కొక్కటే మొదలుపెట్టు. మొదట మోచేతి మడత దగ్గర రూపాయి బిళ్ళంత మేర, రోజుకు రెండు పూటలా, వారం పది రోజుల పాటు రాసి చూడు. కడిగేసే క్లెన్సర్ అయితే ముఖం మీద ఉంచేంత సేపే ఉంచి కడిగెయ్యి. ఎలర్జీ వెంటనే బయటపడదు, రెండు మూడు రోజులకు కూడా రావచ్చు, అందుకని ఒక్క పూట చూసి ఒంటికి పడింది అనుకోవద్దు.

ఏమైనా సరే, మందుల షాపులో అడిగి ట్యూబు తెచ్చుకోవద్దు. చాలా వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు చల్లగా ఉండి, వాడగా వాడగా చర్మం పలచబడుతుంది, మానేస్తే మొదటికన్నా ఎక్కువ ఎర్రబడుతుంది. శనివారం నీకు సెలవు కదా, చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళు. వీపు మీద పట్టీలు అంటించి రెండు రోజులు ఉంచి చేసే పరీక్ష ఉంటుంది, అవసరమంటే వెనకాడకుండా చేయించుకో, డబ్బు నాన్నగారు పంపుతారు. ఆ సీసాలూ డబ్బాలూ, ఆ పాత నూనె సీసాతో సహా, అన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించు, ఆ తరువాతే పారేద్దువుగాని. వనజను తోడు తీసుకువెళ్ళు, తనతో నేను మాట్లాడి ఉంచాను. టైము ఎన్నింటికి దొరికిందో శుక్రవారం రాత్రి లోపల నాకు చెప్పు.

ఇట్లు,
మీ అమ్మ