ర్యామ్ ఆర్డర్ ఇచ్చేముందు ఒక ఫొటో పంపండి

ఇకనుంచి ర్యామ్ కావాలని అడిగేవాళ్లను ముందుగా టాస్క్ మేనేజర్ ఫొటో అడుగుతాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ పేజీ తెరవండి. ఇబ్బంది పెడుతున్న ప్రాజెక్టు నడుస్తుండగానే ఫొటో తీయాలి, ఊరికే ఆన్ చేసి తీస్తే ఏమీ తేలదు.

మేం చూసేది 'కమిటెడ్' అంకె, అంటే ప్రోగ్రాములకు ఇప్పటికే కేటాయించిన మెమరీ. 15.6/16.0 జీబీ అని ఉందనుకోండి. రెండోది ర్యామ్, పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌లో వాడుకునే చోటు) కలిపిన పరిమితి. మొదటిది దాని దాకా వచ్చేస్తే, ర్యామ్ కాస్త ఖాళీగా కనిపిస్తున్నా 'అవుట్ ఆఫ్ మెమరీ' అంటూ బ్లెండర్ లాంటి 3డీ సాఫ్ట్‌వేర్‌లు మూసుకుపోతాయి. సీ డ్రైవ్ నిండిపోతే పేజ్‌ఫైల్ పెరగడానికి చోటుండదు. కాబట్టి ముందు 30 జీబీ దాకా ఖాళీ చేయండి. తర్వాత సిస్టమ్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్, మళ్లీ అడ్వాన్స్‌డ్, అక్కడ వర్చువల్ మెమరీ. కస్టమ్ సైజ్‌లో కనిష్ఠం 16384, గరిష్ఠం 24576 ఎంబీ ఇచ్చి, సెట్ నొక్కి రీస్టార్ట్ చేయండి. పేజ్‌ఫైల్ తీసేస్తే స్పీడ్ పెరుగుతుందని చెప్పే వీడియోల జోలికి మాత్రం పోకండి.

దీంతో క్రాష్‌లు ఆగుతాయి, వేగం మాత్రం రాదు. ఎస్ఎస్‌డీ ఎంత మంచిదైనా ర్యామ్‌తో సాటి రాదు.

ప్రాజెక్టు బరువు కూడా తగ్గించి చూడండి. 4096×4096 పిక్సెళ్ల టెక్స్చర్ (3డీ బొమ్మ మీద పరిచే చిత్రం) ఒక్కటే, కంప్రెస్ కాకుండా, 64 ఎంబీ తింటుంది. 2048కి దించితే 16 ఎంబీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని చిన్న ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది, అందుకే ఈ తేడా గట్టిగా తెలుస్తుంది. బ్లెండర్‌లోని సైకిల్స్ ఇంజిన్‌తో రెండర్ చేసేవాళ్లు సింప్లిఫై ఆన్ చేసి టెక్స్చర్ లిమిట్ 2048 పెడితే చాలు, ఫైళ్లు మార్చే పని లేదు.

ఇంత చేశాకా చాలకపోతే అప్పుడు ర్యామ్. ఫొటోలో ఫామ్ ఫ్యాక్టర్ 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే అది బోర్డు మీదే సోల్డర్ చేసినది. మరో స్లాట్ ఉందో లేదో మోడల్ చూసి చెప్తాం, లేకపోతే అమ్మం. డీడీఆర్4, డీడీఆర్5 అనే ర్యామ్ రకాలకు స్టిక్ అంచున ఉండే గాట్లు వేరు, ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు. రెండు స్లాట్లుంటే 16 జీబీ ఒక్కటి కాకుండా రెండు 8లు వేయించుకోండి. రెండూ ఒకేసారి పనిచేసే డ్యూయల్ చానల్‌లో గ్రాఫిక్స్‌కు బాగా కలిసొస్తుంది.

కొత్తది వేశాక బ్లూ స్క్రీన్ వస్తే తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. అయినా వస్తుంటే ఒక్కో స్టిక్‌నే ఉంచి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్షించే ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడపండి. మా స్టిక్‌లో ఒక్క ఎర్రర్ కనిపించినా మార్చి ఇస్తాం.